హంస పేరున్న జనరల్ కరివేపాకెలా అయ్యాడు

1996 జూన్ 16న రష్యాలో ప్రెసిడెంట్ ఎలక్షన్ ఫస్ట్ రౌండ్ జరిగింది. యెల్ట్సిన్‌కి 35 శాతం, కమ్యూనిస్ట్ లీడర్ జ్యుగానొవ్‌కి 32 శాతం వచ్చాయి, మూడో ప్లేస్‌లో ఏడాది కిందటే ఆర్మీ వదిలేసి వచ్చిన ఒక పారాట్రూపర్ జనరల్ నిలబడ్డాడు, పేరు అలెగ్జాండర్ లెబెద్, వచ్చింది 14.5 శాతం. ఓట్ల లెక్కలో చెప్పాలంటే కోటి దాటాయి. రెండు రోజులు తిరక్కుండానే, జూన్ 18న, యెల్ట్సిన్ ఆయన్ని పిలిచి సెక్యూరిటీ కౌన్సిల్ సెక్రటరీ కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్టోబర్ 17న, అంటే నాలుగు నెలలకి ఒక్కరోజు తక్కువ, అదే యెల్ట్సిన్ టీవీ కెమెరాల ముందే ఆర్డర్ మీద సంతకం పెట్టి పీకేశాడు. ఈ మధ్యలో ఈయన ఓ యుద్ధం ఆపాడు, అది వేరే సంగతి.

లెబెద్ గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన్ని మాట వినని జనరల్ అని తేల్చేస్తారు, మొండోడు, నోటి దురుసు, అందుకే నిలబడలేకపోయాడు అని. అది సగమే నిజం. కెరీర్ మొత్తం వరసగా పెట్టి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. ఎక్కడో మంట అంటుకుంటుంది, ఎవరూ చెయ్యి పెట్టరు, ఈయన్ని పంపుతారు, ఈయన ఆర్పుతాడు, ఆర్పిన వెంటనే ఈయనే ప్రాబ్లమ్ అయిపోతాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ ఇదే కథ. కూరలో కరివేపాకు అని మనవాళ్లు ఊరికే అనరు కదా, అది వాసన కోసం వేస్తారు, తినేటప్పుడు ఏరి పక్కన పెడతారు.

పుట్టింది 1950లో, రష్యా దక్షిణాన నొవొచెర్కాస్క్ అనే ఊళ్లో. ఈ ఊరి పేరు వింటే రష్యన్లకి గుర్తొచ్చేది 1962 జూన్. మాంసం, వెన్న రేట్లు పెంచారని, అదే టైమ్‌లో ఫ్యాక్టరీలో జీతాలు కూడా తగ్గేలా చేశారని అక్కడి రైలింజన్ల ఫ్యాక్టరీ వర్కర్లు రోడ్డెక్కారు, టౌన్ మధ్యలో జనం మీద కాల్పులు జరిగాయి, 26 మంది పోయారు, ఆ తర్వాత కేసులు పెట్టి ఇంకో ఏడుగురికి మరణశిక్ష వేశారు. శవాల్ని దూరంగా ఎక్కడెక్కడో రహస్యంగా పాతిపెట్టి, దాదాపు సోవియట్ చివరి రోజుల దాకా ఆ విషయం బయట మాట్లాడనివ్వలేదు. అప్పటికి లెబెద్‌కి 12 ఏళ్లు. ఆ రోజు టాంకుల్ని జనం మీదికి తోలమంటే తోలనని చెప్పిన ఒక జనరల్ కూడా ఉన్నాడు, మత్వేయ్ షపోష్నికొవ్, తర్వాత ఆయన్ని ఆర్మీ నుంచీ పార్టీ నుంచీ కూడా సాగనంపారు. సొంత జనం మీదికి ఆర్మీని పంపితే ఏమవుతుందో, వద్దన్న జనరల్ గతి ఏమవుతుందో ఒకే ఊళ్లో చిన్నప్పుడే తెలిసింది అనుకోవచ్చు. కాకపోతే దీన్ని పట్టుకుని పెద్దయ్యాక ఆయన చేసిన ప్రతి పనికీ ఇదే మూలం అనేస్తే అది సినిమా కథ అవుతుంది, అంతదూరం పోనక్కర్లేదు.

కుర్రాడికి పైలట్ అవ్వాలని కోరిక, మెడికల్ టెస్టుల్లో పోయింది. ఫ్యాక్టరీలో పని చేశాడు, చివరికి 1969లో రియాజాన్‌లోని పారాట్రూపర్ ఆఫీసర్ల కాలేజీలో సీటొచ్చింది. బాక్సింగ్ ఆడేవాడు, ముక్కు విరిగింది, అది జీవితాంతం అలాగే ఉండిపోయింది. మనిషేమో ముక్కుసూటి, ముక్కేమో వంకర. దీనికి తోడు డ్రమ్ములోంచి వచ్చినట్టుండే బొంగురు గొంతు, రష్యా టీవీలో మిమిక్రీ వాళ్లకి ఆ గొంతు మంచి మేత అయ్యింది.

1973లో పాసయ్యాక అదే కాలేజీలో ట్రైనీల మీద ప్లాటూన్ కమాండర్‌గా, తర్వాత కంపెనీ కమాండర్‌గా 1981 దాకా అక్కడే ఉన్నాడు. ఆ కాలేజీలోనే పావెల్ గ్రచోవ్ అనే ఇంకో ఆఫీసర్ పరిచయం, ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు చాలాసార్లు వస్తుంది. 1981లో ఆఫ్ఘనిస్తాన్, అక్కడ 345వ పారాచూట్ రెజిమెంట్‌లో బెటాలియన్ కమాండర్, గ్రచోవ్‌ది కూడా అదే రెజిమెంట్. 1982లో మాస్కోలో ఫ్రుంజె మిలిటరీ అకాడమీకి చదువుకి వచ్చాడు. ఆ మూడేళ్లలో బ్రెజ్నేవ్, అంద్రోపొవ్, చెర్నెంకో వరసపెట్టి పోయారు. పరేడ్లకంటే శవయాత్రలు ఎక్కువైన టైమ్ అది.

1988లో తూలాలోని 106వ పారాట్రూపర్ డివిజన్ ఈయన చేతికొచ్చింది. మామూలు రోజులైతే ఒక డివిజన్ కమాండర్ పని ట్రైనింగ్, ఎక్సర్‌సైజులు, ఫైళ్లు, అంతే. కానీ సోవియట్ యూనియన్ అంచులన్నీ ఊడిపోతున్న టైమ్ అది, పారాట్రూపర్లని ఫైర్ ఇంజన్‌లా వాడేశారు. అజర్‌బైజాన్ రాజధాని బాకూలో 1990 జనవరిలో ఆర్మీ టౌన్‌లోకి దిగినప్పుడు వందమందికి పైగా సివిలియన్లు చనిపోయారు, ఆ ఆపరేషన్‌లో లెబెద్ డివిజన్ కూడా ఉంది. పోలీసు చేయాల్సిన పని సైన్యంతో చేయించి, అటుపైన తప్పంతా సైన్యం మీదికి తోసేస్తున్నారని ఆయన పబ్లిక్‌గానే తిట్టేవాడు. ఆర్డర్ మాత్రం పాటించేవాడు. ఈ రెండూ కలిసి ఉండటమే ఈ మనిషిలో ఇంట్రెస్టింగ్ పాయింట్.

1991 ఆగస్ట్ 19న గోర్బచేవ్‌ని క్రిమియాలో హౌస్ అరెస్ట్‌లో పెట్టి కొంతమంది పెద్దలు అధికారం లాక్కోబోయారు. టీవీలో వార్తలు ఆపేసి హంసల కథ ఉన్న బ్యాలే వేశారు, యాదృచ్ఛికమే గానీ లెబెద్ అనే మాటకి రష్యన్‌లో అర్థం కూడా హంసే. అప్పటికి గ్రచోవ్ మొత్తం పారాట్రూపర్ దళాలకి చీఫ్. ఆయన ఆర్డర్ మీద లెబెద్ ఒక బెటాలియన్ తీసుకుని యెల్ట్సిన్ ఉన్న పార్లమెంట్ బిల్డింగ్, అదే వైట్ హౌస్, దగ్గరికి వెళ్లాడు. కాపలా కాయడానికా ముట్టడికా అంటే ఆ రోజు అక్కడున్న ఎవరికీ క్లారిటీ లేదు, యెల్ట్సిన్ మనుషులు మాత్రం ఆర్మీ మనవైపు వచ్చేసిందని సంబరపడ్డారు. మర్నాడు బెటాలియన్‌ని వెనక్కి పిలిచారు. ఆ బిల్డింగ్ మీద దాడి చేస్తే భయంకరంగా రక్తం పారుతుంది అని లెబెద్ పైవాళ్లకి తేల్చి చెప్పాడు, దాడి జరగలేదు, ఆగస్ట్ 21కి కుట్ర కుప్పకూలింది. తర్వాత జనం ఆయన్ని డెమోక్రసీ హీరో అంటే, నేను ఆర్డర్ పాటించానంతే అన్న లైన్‌లోనే మాట్లాడాడు. క్రెడిట్ ఒళ్లో వచ్చి పడుతుంటే తోసేసే రాజకీయ నాయకుణ్ణి మనం ఎక్కడ చూశాం చెప్పండి!

ఆ ఆగస్ట్ 20 రాత్రి మాస్కోలోనే ఇంకో ఆఫీసర్ కథ కూడా మొదలైంది. సెర్గెయ్ సురొవికిన్ అనే కుర్ర కెప్టెన్ నడుపుతున్న బెటాలియన్ బళ్లు ఒక అండర్‌పాస్‌లో జనంతో గొడవలో ఇరుక్కుని ముగ్గురు చనిపోయారు. కొన్ని నెలలు జైల్లో పెట్టి, ఆర్డర్ పాటించాడు కదా అని వదిలేసి, ప్రమోషన్ కూడా ఇచ్చారు. ఇదే సురొవికిన్ 2022లో యుక్రెయిన్ యుద్ధానికి టాప్ కమాండర్ అయ్యి, మూడు నెలలకే పక్కకి జరిగి, 2023లో వాగ్నర్ అనే ప్రైవేట్ సైన్యం తిరుగుబాటు తర్వాత ఎయిరోస్పేస్ దళాల చీఫ్ పోస్ట్ కూడా పోగొట్టుకున్నాడు. ఆయన గురించి విడిగా ఇంకో వ్యాసమే రాయొచ్చు, ఇక్కడ లెబెద్‌తో ఉన్న తేడా ఒక్కటే చూడాలి. సురొవికిన్ పోస్ట్ పోయాక నోరు మెదపలేదు, మెదిపే చాన్స్ కూడా లేదు. లెబెద్ మాత్రం పోస్ట్ పోయిన ప్రతిసారీ ప్రెస్ మీట్ పెట్టి వాయించేవాడు, జనంలో ఇంకా పెరిగేవాడు. 90ల రష్యాలో టీవీ చానెళ్లు ఉన్నాయి, ఎలక్షన్లు ఉన్నాయి, ఒకరి మీద ఒకరు పడి కొట్టుకునే బాసులు ఉన్నారు, ఆ సందుల్లోంచే ఇలాంటి జనరల్ పైకొచ్చాడు.

అసలు లెబెద్‌కి పేరు తెచ్చింది ట్రాన్స్‌నిస్ట్రియా. మొల్దోవాలో ద్నీస్టర్ నదికి అవతల, యుక్రెయిన్ బోర్డర్‌కి ఆనుకుని ఉన్న సన్నటి పట్టీ అది. సోవియట్ విడిపోతుంటే మేం మొల్దోవాతో ఉండం అని అక్కడివాళ్లు విడిగా జెండా ఎత్తారు, 1992 మార్చి నాటికి యుద్ధమే మొదలైంది. ఆ పట్టీలోనే, తిరాస్పోల్ హెడ్‌క్వార్టర్స్‌గా, పాత సోవియట్ 14వ ఆర్మీ ఉండిపోయింది, కోబాస్నా దగ్గర గోడౌన్లలో వేల టన్నుల మందుగుండు. కాగితం మీద అది న్యూట్రల్, గ్రౌండ్‌లో మాత్రం దాని ఆయుధాలు, మనుషులు విడిపోతామన్నవాళ్ల వైపే జారిపోతున్నారు. జూన్ 19న బెందేర్ టౌన్‌లో వీధి పోరాటం మొదలై రెండు మూడు రోజుల్లో వందలమంది పోయారు, జనం నది దాటి పారిపోయారు.

అప్పుడు మాస్కో లెబెద్‌ని పంపింది. అదీ అసలు పేరుతో కాదు, కల్నల్ గూసెవ్ అనే దొంగ పేరుతో. రష్యన్‌లో గూస్ అంటే బాతు, హంసని బాతు వేషంలో పంపారన్నమాట, ఎవరి జోకో గానీ బాగానే పేలింది. నాలుగైదు రోజుల్లోనే 14వ ఆర్మీ పగ్గాలు అఫీషియల్‌గా చేతికొచ్చాయి. జూలై 3 తెల్లవారకముందే ఆయన ఫిరంగులు మొల్దోవా దళాలు మకాం వేసిన చోట్ల మీద గుండ్లు కురిపించాయి. న్యూట్రాలిటీ మానలేదు, కాకపోతే ఇప్పట్నించీ ఆయుధాలు పట్టుకున్న న్యూట్రాలిటీ అన్న టైపులో ప్రకటనలు ఇచ్చాడు. జూలై 21న మాస్కోలో యెల్ట్సిన్, మొల్దోవా ప్రెసిడెంట్ స్నెగూర్ ఇద్దరూ సీజ్‌ఫైర్ మీద సంతకాలు పెట్టారు. మొల్దోవా వైపు నుంచి చూస్తే ఇది పచ్చి దురాక్రమణ, ఇంకో దేశం గడ్డ మీద నిలబడి ఆ దేశం సైన్యాన్నే కొట్టడం, ఆ మాట కాదనడానికి ఏమీ లేదు. రష్యాలో మాత్రం, అంతా కూలిపోతున్న టైమ్‌లో ఒక్కడైనా పని పూర్తి చేశాడు అన్న పేరొచ్చింది. లెఫ్టినెంట్ జనరల్ ప్రమోషన్ వచ్చింది.

గొడవ తగ్గాక మొదలైంది అసలు గొడవ. తిరాస్పోల్‌లో తాను కాపాడిన సర్కారునే, అక్కడి ప్రెసిడెంట్ ఇగోర్ స్మిర్నొవ్ మనుషుల్నే, దొంగలు, కరప్షన్ గాళ్లు అని లెబెద్ బహిరంగంగా తిట్టడం మొదలెట్టాడు. అటు మాస్కోలో డిఫెన్స్ మినిస్టర్ ఎవరనుకున్నారు, గ్రచోవే. రియాజాన్ రోజుల నాటి స్నేహం పూర్తిగా చెడింది. 1994 డిసెంబర్‌లో గ్రచోవ్, రష్యా నుంచి విడిపోతామన్న చెచెన్యా మీదికి సైన్యాన్ని పంపితే లెబెద్ ఇది దండగమారి యుద్ధం, ట్రైనింగ్ లేని పిల్లల్ని చావడానికి పంపుతున్నారు అని యూనిఫామ్‌లో ఉండగానే తిట్టిపోశాడు. చెచెన్యా రాజధాని గ్రోజ్నీలోకి కొత్త సంవత్సరం రాత్రి వెళ్లిన టాంకుల గతి చూశాక జనం ఆ మాటే నిజమన్నారు. ఆయన్ని నేరుగా తీసేస్తే గోల అవుతుందని, 14వ ఆర్మీనే కుదించి చిన్న గ్రూపుగా మార్చేస్తున్నాం అన్నారు. పోస్టే లేకుండా చేస్తే పోస్ట్‌లో ఉన్నోడు ఎలాగూ పోతాడు, మన ఆఫీసుల్లో కూడా తెలిసిన టెక్నిక్కే. 1995 మేలో రాజీనామా పడేశాడు.

పాలిటిక్స్‌లో ఫస్ట్ ట్రై ఫ్లాప్. 1995 డిసెంబర్ పార్లమెంట్ ఎలక్షన్లలో ఆయనున్న పార్టీకి 5 శాతం లైన్ దాటడానికి సరిపడా ఓట్లు రాలేదు, ఆయన మాత్రం తూలాలో సొంతంగా గెలిచాడు. ప్రెసిడెంట్ ఎలక్షన్ టైమ్‌కి సీన్ మారింది. 1996 మొదట్లో యెల్ట్సిన్ పాపులారిటీ పాతాళంలో ఉంది, కమ్యూనిస్టులు వచ్చేస్తారని బిజినెస్ పెద్దలకి నిద్ర లేదు. కమ్యూనిస్టులకి పోయే కోపం ఓట్లు, నేషనలిస్ట్ ఓట్లు చీల్చడానికి ఒక గట్టి మనిషి కావాలి, లెబెద్ దొరికాడు. యెల్ట్సిన్ టీమ్ నుంచి ఈయన క్యాంపెయిన్‌కి లోపాయికారీగా సాయం అందింది, చివరి వారాల్లో ఉన్నట్టుండి మంచి యాడ్లు, టీవీ టైమ్ దొరికాయి. నిజం, క్రమశిక్షణ ఈ రెండు మాటల మీదే ప్రచారం నడిపాడు. చిలీ నియంత పినోచెట్‌ని మెచ్చుకునే మాటలు కూడా అప్పుడప్పుడు వదిలేవాడు, కాబట్టి పదవి ఇచ్చుంటే రష్యాలో డెమోక్రసీ వర్ధిల్లేది అనుకోవడానికి గ్యారంటీ ఏమీ లేదు.

కోటి ఓట్లు వచ్చాక బేరం తెగింది. సెక్యూరిటీ కౌన్సిల్ పోస్ట్ ఈయనకి, గ్రచోవ్‌కి ఉద్వాసన, రెండ్రోజుల్లో యెల్ట్సిన్ బాడీగార్డ్ చీఫ్ కొర్ఝకొవ్, ఇంకో ఇద్దరు పెద్ద తలకాయలు కూడా అవుట్. జూలై 3 సెకండ్ రౌండ్‌లో యెల్ట్సిన్‌కి దాదాపు 54 శాతం వచ్చింది. ఆ రౌండ్‌కి వారం ముందే యెల్ట్సిన్‌కి గుండెపోటు వచ్చింది, దాన్ని జనానికి తెలియకుండా దాచేశారు. అంటే లెబెద్‌ని చూసి ఓటేసినవాళ్లకి, తాము వేస్తున్న ఓటు మంచం మీదున్న మనిషికి పోతోందని తెలియదు. ఇక ఏరు దాటారు, తెప్ప తగలేయడం ఒకటే మిగిలింది.

ఆగస్ట్ 6న చెచెన్ ఫైటర్లు గ్రోజ్నీలోకి చొరబడి సిటీని పట్టేసుకున్నారు, వేలమంది రష్యన్ సైనికులు లోపల చెక్‌పోస్టుల్లో ఇరుక్కుపోయారు. యెల్ట్సిన్ రెండోసారి ప్రమాణం చేసింది ఆగస్ట్ 9న, మూడు రోజుల తేడాలో. ఈ టైమ్‌లో చెచెన్యా బాధ్యత తీసుకుపోయి లెబెద్ చేతిలో పెట్టారు. ఇక్కడ లెక్క చూడండి, ఫెయిలైతే ఈయన పని అయిపోయినట్టే, సక్సెస్ అయితే దేశాన్ని అమ్మేశాడు అనొచ్చు, ఎటైనా ఇచ్చినవాళ్లకి లాభమే. లెబెద్‌కి ఇది అర్థం కాలేదనుకోలేం, అయినా వెళ్లాడు. చీకట్లో పెద్దగా సెక్యూరిటీ లేకుండా చెచెన్ కమాండర్ అస్లాన్ మస్ఖదొవ్ ఉన్నచోటికి వెళ్లి కూర్చుని మాట్లాడాడు. మస్ఖదొవ్ కూడా పాత సోవియట్ ఆర్మీ కల్నలే, ఆర్టిలరీ ఆఫీసర్, ఇద్దరికీ ఒకే భాష, ఒకే ట్రైనింగ్, ఒకే రకం తిట్లు. మాస్కో నుంచి వచ్చే కోటు టై మనుషులతో కుదరనిది వీళ్లిద్దరికీ కుదిరింది అందుకే.

మధ్యలో ఇంకో గండం. అక్కడి రష్యన్ కమాండర్ జనరల్ పులికొవ్‌స్కీ, జనం 48 గంటల్లో ఖాళీ చేయాలి, తర్వాత గ్రోజ్నీని బాంబులతో నేలమట్టం చేస్తామని అల్టిమేటం ఇచ్చాడు. పులికొవ్‌స్కీ కొడుకు ఆ యుద్ధంలోనే చనిపోయాడు, ఆ కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. లెబెద్ వచ్చి ఆ అల్టిమేటాన్ని ఆపించాడు, ఆగస్ట్ 22కి కాల్పుల విరమణ, 31న దాగెస్తాన్‌లోని ఖసావ్‌యుర్త్‌లో ఒప్పందం. చెచెన్యా స్టేటస్ ఏంటన్న ప్రశ్నని 2001 డిసెంబర్ 31 దాకా వాయిదా వేశారు, రష్యన్ సైన్యం వెనక్కి వెళ్లిపోతుంది. తీర్పు ఇవ్వకుండా వాయిదా వేయడం పారిపోవడం కాదా అంటే అవును, కానీ ఆ వారం సిటీలో ఇంకా వేలమంది సివిలియన్లు ఉన్నారు, ఆ లెక్కలో చూస్తే ఆయన కెరీర్‌లో బెస్ట్ డెసిషన్ ఇదే అనిపిస్తుంది.

ఇంటికొచ్చాక హోమ్ మినిస్టర్ అనతోలీ కులికొవ్ ఇది ద్రోహం అని మొదలెట్టాడు. లెబెద్ కూడా తక్కువ తినలేదు, మినిస్టర్లని, క్రెమ్లిన్‌లో చక్రం తిప్పుతున్న చుబైస్‌ని అందర్నీ ఒకేసారి కెలికాడు. యెల్ట్సిన్ హార్ట్ ఆపరేషన్‌కి రెడీ అవుతుంటే, ఆయన కోలుకునేదాకా అధికారాలు వేరేవాళ్లకి ఇవ్వాలి అన్నట్టు మాట్లాడాడు. అక్టోబర్ 16న కులికొవ్ ప్రెస్ ముందుకొచ్చి, లెబెద్ 50,000 మందితో సొంత లీజియన్ పెట్టి అధికారం లాక్కోవాలని చూస్తున్నాడని ఆరోపించాడు. మర్నాడే ఉద్వాసన. యుద్ధం ఆపమన్నారు, ఆపాడు, ఎలక్షన్ గెలిపించమన్నారు, గెలిపించాడు, ఇక ఏం పని ఉందని?

బయటికొచ్చాక 1997లో పెద్ద బాంబే వేశాడు. సూట్‌కేస్ సైజు న్యూక్లియర్ బాంబులు సోవియట్ దగ్గర ఉండేవి, వాటిల్లో వందకు పైగా లెక్కకి దొరకట్లేదు అని అమెరికన్ టీవీకి చెప్పాడు. అంతకుముందు చెప్పిన నంబర్ వేరే, ఇంకాస్త తక్కువ. రష్యా ప్రభుత్వం అంతా అబద్ధం అంది, ఆ బాంబులు పోయినట్టు రుజువేదీ ఎప్పుడూ దొరకలేదు. నంబర్లు అలా మారిపోతుంటే నమ్మడం కష్టమే, ఆయన ఇమేజ్‌కి ఇది దెబ్బే కొట్టింది.

1998 మేలో సైబీరియాలోని క్రాస్నోయార్స్క్ ప్రాంతానికి గవర్నర్‌గా గెలిచాడు. ఏరియా ఎంతంటే రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే వచ్చేదానికి ఎనిమిది రెట్ల పైన, నికెల్, అల్యూమినియం, కరెంటు, అన్నీ ఉన్నాయి, జనం మాత్రం 30 లక్షల చిల్లర. ప్రచారానికి ఫ్రెంచ్ హీరో అలెన్ డెలోన్ కూడా వచ్చాడు. 2000లో క్రెమ్లిన్‌కి ఇదే మెట్టు అని అందరూ రాశారు. కానీ అడ్మినిస్ట్రేషన్ వేరే ఆట. గెలవడానికి సాయం చేసిన అల్యూమినియం కింగ్ అనతోలీ బీకొవ్‌తో ఏడాదిలోపే పడలేదు, ఇద్దరి కొట్లాట రష్యా అంతా చూసింది. ఈలోపు 1999లో చెచెన్యాలో రెండో యుద్ధం మొదలైంది, ఖసావ్‌యుర్త్ ఒప్పందం చెత్తబుట్టలోకి పోయింది. గట్టి మనిషి కావాలి అన్న జనం కోరికకి కొత్తగా పుతిన్ దొరికాడు, వయసులో చిన్న, నోరు అదుపులో ఉన్నవాడు, వెనక ఇంటెలిజెన్స్ వ్యవస్థ మొత్తం ఉన్నవాడు. 2000 ఎలక్షన్‌లో లెబెద్ నిలబడనే లేదు. తర్వాత గవర్నర్ల అధికారాలకి కూడా కత్తెర పడింది.

లెక్క తీస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1992లో ఫిరంగులతో ఆపించిన ద్నీస్టర్ యుద్ధం ముప్పై ఏళ్లు దాటినా మళ్లీ మొదలవ్వలేదు, సమస్య తీరలేదు గానీ రష్యన్ సైనికులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, కోబాస్నా గోడౌన్లూ అక్కడే ఉన్నాయి. 1996లో మాటలతో ఆపించిన యుద్ధం మూడేళ్లకే తిరగబడింది. రష్యాలో ఆయన్ని ఇప్పటికీ తిట్టేది రెండోదానికి, మొదటిదానికి కాదు.

2002 ఏప్రిల్ 28న, 52 నిండిన ఎనిమిది రోజులకి, కొండల్లో కొత్తగా కట్టిన స్కీయింగ్ ట్రాక్ ఓపెనింగ్‌కి ఎమ్మై-8 హెలికాప్టర్‌లో బయల్దేరాడు. పొగమంచు, కింద హైవే వెంట కరెంటు తీగలు, హెలికాప్టర్ వాటికి తగిలి కూలింది, లెబెద్‌తో కలిపి ఎనిమిది మంది పోయారు. కుట్ర అన్నవాళ్లు చాలామందే ఉన్నారు, అలాంటి మనిషి అలా పోతే అనకుండా ఎవరూ ఉండరు. గవర్నరే ఆ వాతావరణంలో ఎగరమని ఒత్తిడి చేశాడా అన్న వాదన కూడా నడిచింది. 2004లో కోర్టు మాత్రం పైలట్లదే తప్పని తేల్చింది, బతికి బయటపడ్డ ఇద్దరు పైలట్లలో ఒకరికి నాలుగేళ్ల జైలు పడింది.